చిన్నాయన దుబాయి నుంచి తెచ్చిన రేబాన్ అసలుదేనా? అసలు ఆ పేరుకు అంత మోజు ఎందుకు?

జగిత్యాల పిల్లగాడు

అందరికీ నమస్కారం. పాత ఇల్లు విప్పే ముందు బీరువా ఖాళీ చేస్తుంటే గోధుమరంగు తోలు సంచిలో ఒక నల్లద్దాల జత దొరికింది. మా చిన్నాయన 1993లో దుబాయి నుంచి మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు తెచ్చుకున్నది. రెండు వందల దిర్హమ్‌లు పెట్టి కొన్నానని ఇప్పటికీ గొప్పగా చెప్తాడు. అప్పుడాయన నెల జీతం ఆరు వందలు. సంగతి తెలిసి నాయనమ్మ మూడు రోజులు మాట్లాడలేదట.

మా వాడకట్టులో ఆ అద్దాలు అడుక్కుని పెట్టుకుని స్టూడియోలో ఫొటో దిగని మగపిల్లాడు లేడు. పెళ్లి సంబంధానికి బాపు పంపిన ఫొటోలో ఉన్నవీ ఇవే. "ఫొటోల హీరో లెక్క ఉండె, అద్దాలు తీసినంక తెలిసింది" అని అమ్మ ఇప్పటికీ అంటుంది.

ఫ్రేము బంగారు రంగు, నీటిచుక్క ఆకారం. రెండు అద్దాల మధ్య కడ్డీ కింద ఇంగ్లిష్‌లో బీ అండ్ ఎల్, రేబాన్, యూఎస్ఏ అని సన్నగా ఉంది. ముక్కు మెత్తలు పచ్చబడి గట్టిపడ్డాయి. ఒక అద్దం ఆకుపచ్చగా ఉంటే రెండోది కొంచెం బూడిద రంగులో కనిపిస్తోంది. పాతబడి అలా అయిందేమో. ఇది అసలుదో కాదో ఎలా తెలుస్తుంది? ఇంకో మాట. మా ఊళ్లో ఏ నల్లద్దాలనైనా రేబాన్ అనే అంటారు, జాతరలో అమ్మేవాటిని కూడా. ఒక కంపెనీ పేరు మా ఊరిదాకా ఎట్లా వచ్చింది? మొన్న మాల్‌లో ఇదే ఆకారం పదివేలకు అటూ ఇటూ చెప్పారు. అంత ఏముంది ఇందులో?

బెజవాడ అద్దాలషాపు

తమ్ముడూ, ముప్పై ఏళ్లకు పైగా కళ్లద్దాల పనిలోనే ఉన్నాను. మొదటి పదేళ్లు వేరేవాళ్ల షాపులో గుమాస్తాగా, తర్వాత నా సొంత కొట్టు. నువ్వు రాసింది చదివి మా షాపులో పాత ట్రే వాసన గుర్తొచ్చింది.

ముందు నీ జత సంగతి. మధ్య కడ్డీని మేం బ్రిడ్జి అంటాం. దాని మీద బీ అండ్ ఎల్ ఉందంటే బాష్ అండ్ లాంబ్ కంపెనీ కాలం నాటిదన్న లెక్క. 1999లో రేబాన్ చేతులు మారింది కాబట్టి 1993కి సరిపోతుంది. కానీ బ్రిడ్జి మీద అక్షరాలు ఎవడైనా కొడతాడు. అద్దం చూడు. కాడ మడిచే కీలు దగ్గర, అద్దం అంచున, వెంట్రుకంత సన్నగా బీ ఎల్ అని చెక్కి ఉండాలి. ఎదురుగా చూస్తే కనపడదు. లైటు కింద పక్కకు వంచి తిప్పుతూ చూడు, ఓపిక కావాలి. రెండు అద్దాలకూ ఉండాలి, అది మరిచిపోకు. తర్వాత చెంపకు ఆనించు. గాజు చల్లగా తగులుతుంది, ప్లాస్టిక్ తగలదు. మన పెద్దవాళ్లు "చలువద్దాలు" అన్నది ఇందుకేనేమో అని నాకొక అనుమానం.

ఇక పేరు ఎలా వచ్చిందంటావా. ఇది పుట్టింది ఫ్యాషన్ కోసం కాదు. 1920లో అమెరికాలో ఒహాయో రాష్ట్రం డేటన్ దగ్గర ష్రోడర్ అనే మిలిటరీ పైలట్ 33,000 అడుగులు దాటి పైకి పోయాడు. అద్దాలు మూసుకుపోతే గాగుల్స్ పైకి తీశాడు, ఆ చలికి కళ్లు గడ్డకట్టాయి. ఎలాగో దిగాడు. ఆ తర్వాత అలాంటి పరీక్షలు చేసిన జాన్ మెక్‌రెడీ అనే ఇంకో పైలట్, కళ్లను కాపాడే అద్దాలు కావాలని బాష్ అండ్ లాంబ్‌తో కలిసి పనిచేశాడు. మేఘాల పైన ఎండ మిరుమిట్లకు తలనొప్పి, కళ్లు తిరగడం పైలట్లకు మామూలే. 1936లో ఆకుపచ్చ అద్దాలతో ఒక నమూనా వచ్చింది, పేరు యాంటీ గ్లేర్. అది మందు సీసా మీద రాసే పేరులా ఉంది కదా. 1937లో లోహపు ఫ్రేముతో, రేబాన్ అనే పేరుతో అమ్మకానికి పెట్టారు. రే అంటే కిరణం, బ్యాన్ అంటే నిషేధం. అంతే. చదువు రానివాడికి కూడా నోట్లో నిలిచే పేరు. నా దృష్టిలో ఈ కంపెనీ చేసిన మొదటి మంచి ప్రచారం ఆ పేరే.

నీటిచుక్క ఆకారం కూడా అందానికి పెట్టింది కాదు. పైలట్ పైకి ఆకాశాన్నీ చూడాలి, తల వంచకుండా కిందున్న మీటర్లనూ చూడాలి. కన్ను తిరిగే మేరంతా అద్దం కప్పాలి, అందుకే కిందికి జారినట్టు ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ ఆకారం సైన్యమంతా పాకింది. 1944లో అమెరికా జనరల్ మెకార్థర్ ఫిలిప్పీన్స్‌లో లేటే తీరాన నీళ్లలో నడుచుకుంటూ దిగిన ఫొటో ప్రపంచమంతా చూసింది. ఆయన కళ్లకు నల్లద్దాలు. డబ్బులిచ్చి చేయించిన ప్రకటన కాదు. అయినా ఏ ప్రకటనా అంత పని చేయలేదు.

మన దగ్గర మాత్రం నల్లద్దాలు మూడే రకాల మనుషులకు ఉండేవి. సినిమా హీరోకి, గల్ఫ్ నుంచి వచ్చినవాడికి, కంటాపరేషన్ అయిన పెద్దాయనకి. మొదటి ఇద్దరికీ ఒకే పేరు అతుక్కుంది.

నేను పనిలో చేరిన కొత్తలో ఒక హోల్‌సేల్ వ్యాపారి మాకు పెట్టె సరుకు ఇచ్చాడు, అసలు రేబాన్ అని. ఒక లెక్చరర్ గారికి పదమూడు వందలకు అమ్మాను. నెల తిరక్కుండానే బంగారు పూత ఊడి ముక్కు మీద నల్ల మచ్చతో వచ్చాడాయన. యజమాని డబ్బు వెనక్కి ఇచ్చి నా జీతంలో కోశాడు. బీ ఎల్ అక్షరాలు వెతకడం ఆ రోజు నేర్చుకున్నాను.

రోచెస్టర్‌లో గోదారోడు

అద్దాలషాపు గారూ, ష్రోడర్ సంగతి ఇక్కడ చూసి భలే అనిపించింది. నేనుండేది న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో, బాష్ అండ్ లాంబ్ పుట్టిన ఊళ్లోనే. మన ఊళ్లకు బియ్యపు మిల్లు ఎలాగో ఈ ఊరికి కొడాక్, జిరాక్స్, బాష్ అండ్ లాంబ్ అలాగ. ఇప్పుడు మూడిట్లోనూ పాత వైభవం లేదు. ఇంకా ఏమైనా మిగిలిందంటే యూనివర్సిటీలో 1929లో పెట్టిన ఆప్టిక్స్ ఇన్‌స్టిట్యూట్, దాని చుట్టూ బతికే చిన్న చిన్న లెన్స్ కంపెనీలు. మా అపార్ట్‌మెంట్‌లో పైనుండే పెద్దాయన నాన్న ఆ ఫ్యాక్టరీలో అద్దాలు అరగదీసేవాడట. "మా ఇంట్లో కిటికీ అద్దం పగిలినా నాన్న ఊరుకునేవాడు, కళ్లద్దం మీద వేలిముద్ర పడితే ఊరుకునేవాడు కాదు" అంటాడు.

జర్మనీ నుంచి వచ్చిన జాన్ జేకబ్ బాష్ 1853లో ఇక్కడ చిన్న కళ్లద్దాల కొట్టు పెట్టాడు. హెన్రీ లాంబ్ అనే స్నేహితుడు 60 డాలర్లు అప్పిచ్చి భాగస్థుడయ్యాడు. గట్టి రబ్బరుతో చవకైన ఫ్రేములు చేసి నిలదొక్కుకున్నారు. ఆ తర్వాత మైక్రోస్కోపులు, కెమెరా లెన్సులు. మొదటి ప్రపంచ యుద్ధమప్పుడు జర్మనీ గాజు ఆగిపోతే ఆప్టికల్ గాజును ఇక్కడే కాచారు. మనవాళ్లకు ఇవాళ ఆ పేరు చెప్తే కాంటాక్ట్ లెన్స్ నీళ్ల సీసా గుర్తొస్తుంది.

ఒక పిట్టకథ. 1923లో ఈ మెక్‌రెడీయే ఇంకొకరితో కలిసి అమెరికాను ఆగకుండా ఈ తీరం నుంచి ఆ తీరానికి విమానంలో దాటాడు, అలా దాటడం అదే మొదలు. ఆ రెండో పైలట్ పేరు ఓక్లీ కెల్లీ. ఓక్లీ కళ్లద్దాల బ్రాండుకూ ఆయనకూ సంబంధం లేదు, అది పెట్టినాయన తన కుక్క పేరు పెట్టుకున్నాడు. కానీ చివరికి రేబాన్, ఓక్లీ రెండూ ఒకే ఇటలీ కంపెనీ గూటికి చేరాయి. పైలట్లిద్దరూ ఒకే విమానంలో కూర్చున్నట్టు.

పాతఫొటోల పిచ్చోడు

అందరూ చెప్పింది బాగుంది గానీ, ఒక దురభిప్రాయం తీర్చాలి. ఇంటర్నెట్‌లో ఏ రేబాన్ వ్యాసం చూసినా అమెరికా అధ్యక్షుడు కెనెడీ వేఫేరర్ అనే రేబాన్ మోడల్ పెట్టాడని, సినిమా తార ఆడ్రీ హెప్‌బర్న్ 1961 నాటి సినిమాలో పెట్టింది కూడా అదేనని రాస్తారు. కెనెడీవి అమెరికన్ ఆప్టికల్ అనే వేరే కంపెనీ చేసిన సరటోగా మోడల్. హెప్‌బర్న్‌వి లండన్‌లోని ఆలివర్ గోల్డ్‌స్మిత్ చేసినవి. చంద్రుడి మీదికి అపోలో 11లో పోయిన నల్లద్దాలు కూడా అమెరికన్ ఆప్టికల్‌వే. పని వాళ్లది, పేరు వీళ్లకు. ఇదేం న్యాయం అద్దాలషాపు గారూ?

బెజవాడ అద్దాలషాపు

హహ, అన్యాయమే. మన పిల్లగాడి ఊళ్లో జాతరలో యాభై రూపాయల అద్దాలు కూడా రేబానే కదా, అదీ అలాంటి అన్యాయమే. పక్కవాడి సరుకు మీద కూడా నీ పేరే పలికారంటే ఇక ప్రకటనలకు ఖర్చు పెట్టడం దండగ.

వేఫేరర్ అన్నారు కాబట్టి ఆ కథ చెప్పాల్సిందే. నాకు తెలిసిన మార్కెటింగ్ కథల్లో ఇంతకన్నా తమాషా అయింది లేదు. మావాడు ఎంబీఏ చదివేటప్పుడు దీని మీదే ప్రాజెక్టు చేశాడు. రాత్రిళ్లు కొట్టు కట్టేశాక చదివి వినిపించేవాడు, ఇంగ్లిష్‌లో చదివి తెలుగులో చెప్పేవాడు. అలా నాకూ వచ్చింది.

రేమండ్ స్టెగ్‌మన్ అనే ఆయన 1952లో దాన్ని గీశాడు. అప్పటిదాకా రేబాన్ అంటే ఎక్కువగా తీగ ఫ్రేములు. ఇది మందపాటి ప్లాస్టిక్, రెండు చివర్లు పైకి లేచి పిల్లి కళ్లలా కోపంగా ఉంటుంది. రెండు దశాబ్దాలు బాగా ఆడింది. డెబ్బైల్లో గాలి మారింది, ఎవరూ అడగడం మానేశారు. 1981లో అమ్ముడుపోయిన వేఫేరర్లు ప్రపంచమంతా కలిపి 18,000. తయారీ ఆపేద్దామా అన్నంత స్థితి.

అప్పుడు వాళ్లు చేసిన పని చూడండి. పేపర్లో పెద్ద ప్రకటన వేయలేదు, ధర తగ్గించలేదు. 1982లో కాలిఫోర్నియాలో బర్‌బ్యాంక్‌లోని ఒక సంస్థతో ఒప్పందం చేసుకున్నారు, ఏడాదికి 50,000 డాలర్లు. ఆ సంస్థ పని ఒక్కటే. సినిమాల్లో, టీవీ సీరియళ్లలో నటుల కళ్లకు ఈ అద్దాలు ఎక్కించడం. 1982 నుంచి 1987 దాకా ఏడాదికి అరవైకి పైగా సినిమాల్లో, టీవీ కార్యక్రమాల్లో రేబాన్ కనపడింది. 1983లో రిస్కీ బిజినెస్ అనే సినిమాలో టామ్ క్రూజ్ అనే కుర్రాడు వేఫేరర్ పెట్టుకున్నాడు. ఆ ఏడు 3,60,000 అమ్ముడయ్యాయి. 1986కల్లా 15 లక్షలు. అదే ఏడు టాప్ గన్‌లో అదే కుర్రాడు పైలట్ అద్దాలు పెట్టాడు, వాటి అమ్మకం 40 శాతం లేచిందన్నారు.

యాభై వేల డాలర్లంటే పెద్ద కంపెనీకి టీ ఖర్చు. మావాడు ఆ లెక్క చదివినప్పుడు నేను మళ్లీ చదవమన్నాను. హీరో ఒక ముక్క కూడా వాటి గురించి మాట్లాడడు. పెట్టుకుంటాడు, తీస్తాడు, అంతే. చూసేవాడికి అది ప్రకటన అని తట్టదు. తట్టకపోవడమే దాని బలం. ఫాస్టర్ గ్రాంట్ అనే ఇంకో కంపెనీ అరవైల్లోనే ఆ అద్దాల వెనక ఉన్నదెవరు అంటూ తారల ఫొటోలతో ప్రకటనలు వేసింది. అవి మంచివే గానీ, చూసేవాడికి అది ప్రకటన అని తెలిసిపోతుంది.

మన పిల్లగాడి చిన్నాయన చేసింది కూడా అదే పని అని నా అభిప్రాయం. వాడకట్టులో కుర్రాళ్లందరికీ ఫొటోకి అరువిచ్చాడు. రూపాయి తీసుకోకుండా కంపెనీకి పనిచేసిన మనిషి.

జగిత్యాల పిల్లగాడు

ఈ మాట చిన్నాయనకు ఫోన్‌లో చదివి వినిపించాను అన్నా. "కంపెనీవాళ్ల నంబరు అడుగు, బాకీ వసూలు చేద్దాం" అన్నాడు.

కానీ ధర సంగతి ఎవరూ చెప్పలేదు. అప్పుడు ఆయన కొన్నది కూడా ఖరీదే కదా?

బెజవాడ అద్దాలషాపు

ఆయన జీతానికి ఖరీదు. అమెరికాలో మాత్రం తొంభైల చివరికొచ్చేసరికి రేబాన్ విలువ పడిపోయింది. పెట్రోలు బంకుల్లో, మందుల షాపుల్లో చిల్లర సరుకు పక్కన వేలాడదీసి అమ్మేవాళ్లు. 1999లో బాష్ అండ్ లాంబ్ దాన్ని 64 కోట్ల డాలర్లకు లక్సోటికా అనే ఇటలీ కంపెనీకి అమ్మేసింది.

లక్సోటికా అధిపతి లియొనార్డో డెల్ వెకియో. ఈయన గురించి ఎంత చెప్పినా తక్కువే. తండ్రి పోయాడు, తల్లి పెంచలేక మిలాన్‌లో అనాథాశ్రమంలో చేర్చింది. అచ్చులు పోసే పని నేర్చుకుని 1961లో ఇటలీ కొండల్లో అగోర్డో అనే చిన్న ఊళ్లో కార్ఖానా పెట్టాడు. మొదట్లో సొంత పేరుతో కళ్లద్దాలు చేయలేదు, వేరేవాళ్లకు విడి భాగాలు చేసిచ్చేవాడు. మా పనివాళ్లలో ఒకడన్నమాట. అందుకే ఆయన మీద నాకు గౌరవం, కోపం రెండూ ఉన్నాయి.

రేబాన్ చేతికి రాగానే వేల దుకాణాల నుంచి సరుకు వెనక్కి లాగేశాడు. అమ్మకం తగ్గినా ఫర్వాలేదనుకున్నాడు. నాణ్యత సరిచేసి, ధర మెల్లమెల్లగా పెంచుకుంటూ పోయాడు. 2001లో వేఫేరర్‌ను చిన్నదిగా, మెత్తగా మార్చి చూశారు. నాకది నచ్చలేదు, ఉప్పులేని పచ్చడిలా ఉండేది. ఆ తర్వాత 2007 ప్రాంతంలో పాత ఆకారాన్నే మళ్లీ దింపి, "దాచుకోకు" అన్న అర్థం వచ్చే నినాదంతో ప్రచారం చేశారు. నల్లద్దాలు అమ్ముతూ దాచుకోకు అనడం ఏంటో!

కోపం ఎందుకంటే, ఆయన అద్దాలు చేసి ఊరుకోలేదు. అమ్మే దుకాణాలూ కొన్నాడు. 2001లో సన్‌గ్లాస్ హట్ అనే పెద్ద గొలుసు దుకాణాలు కొన్నాడు. ఆ తర్వాత ఓక్లీతో ధరల గొడవొచ్చి వాళ్ల ఆర్డర్లు కోసేస్తే వాళ్ల షేరు కుప్పకూలింది. 2007లో ఆ ఓక్లీనే 210 కోట్ల డాలర్లకు కొనేశాడు. 2018లో లెన్సులు చేసే ఫ్రెంచి కంపెనీ ఎసిలార్‌తో కలిపేశారు. ఫ్రేము వాళ్లదే, లెన్సు వాళ్లదే, షాపూ వాళ్లదే. ఆయన 2022లో పోయాడు. మాల్‌లో నీకు చెప్పిన పదివేలల్లో గాజుకూ తీగకూ ఎంత, పేరుకు ఎంత అని నన్నడిగితే, గాజు వాటా తక్కువని మాత్రం చెప్పగలను.

మన దేశంలో కూడా రాజస్థాన్‌లోని భివాడిలో రేబాన్ తయారయ్యేది, బాష్ అండ్ లాంబ్ రోజుల నుంచే. కాబట్టి ఇండియా అని రాసి ఉంటే దొంగ సరుకే అనుకోకండి. నా దగ్గరికి అలా వాదించేవాళ్లు నెలకొకరైనా వస్తారు. ఇప్పుడు కుర్రాళ్లు అడిగేది కెమెరా ఉన్న రేబాన్, ఫేస్‌బుక్ కంపెనీ మెటాతో కలిసి చేసింది. 2025 మేలో మన దేశంలోకి వచ్చింది, అప్పుడు ధర 29,900 రూపాయల నుంచి మొదలు. ఎదుటివాణ్ని ఫొటో తీసే అద్దాలు నాకైతే ఇబ్బందిగా ఉన్నాయి. పెళ్లి సంబంధం ఫొటోకే మేలు.

తమ్ముడూ, ఇంతకీ బీ ఎల్ అక్షరాలు చూశావా?

పాతఫొటోల పిచ్చోడు

చిన్న జాగ్రత్త కూడా చెప్పండి సార్. పాతవి పెట్టుకుంటే కంటికి మంచిదేనా?

బెజవాడ అద్దాలషాపు

మంచి ప్రశ్న. ముదురు రంగుకూ రక్షణకూ సంబంధం లేదు. నల్లగా ఉంటే కంటిపాప పెద్దదవుతుంది, యూవీని, అంటే ఎండలోని అతినీలలోహిత కిరణాలను, ఆపే గుణం అద్దానికి లేకపోతే ఆ కిరణాలు ఇంకా ఎక్కువ లోపలికి పోతాయి. జాతర అద్దాలతో ఉన్న ప్రమాదం అదే. చాలా కళ్లద్దాల షాపుల్లో యూవీ మీటర్ ఉంటుంది, అర నిమిషం పని. అసలు బాష్ అండ్ లాంబ్ గాజైతే దిగుల్లేదు. 1953లో వాళ్లు తెచ్చిన జీ 15 అనే బూడిదాకుపచ్చ అద్దం వెలుతురును 15 శాతమే లోపలికి వదులుతుంది, రంగులు మాత్రం పెద్దగా మారవు. పేరులో 15 దానికే. మా వృత్తిలో చాలామంది ఇప్పటికీ ముందు దాన్నే చేతికిస్తారు. గీతలు త్వరగా పడవు గానీ, నాపరాయి నేల మీద పడితే రెండు ముక్కలే.

జగిత్యాల పిల్లగాడు

చూశాను అన్నా. రాత్రి సెల్ లైటు పెట్టి అరగంట తిప్పాను. కుడి అద్దానికి కీలు పక్కన బీ ఎల్ ఉంది. చాలా సన్నగా, కానీ ఉంది. చెంపకు ఆనిస్తే చల్లగా ఉంది. ఎడమదానికి లేదు. ఎంత తిప్పినా లేదు. ఆనిస్తే చల్లగా కూడా లేదు. బూడిద రంగుగా ఉందన్నది అదే.

పొద్దున చిన్నాయనకు ఫోన్ చేసి అడిగాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. మా బాపు పెళ్లిచూపుల ఫొటోకి తీసుకుపోయిన రోజే స్టూడియో మెట్ల మీద చేతిలోంచి జారిందట. ఎడమ అద్దం పోయింది. ఇద్దరూ కలిసి కోరుట్ల బస్టాండు దగ్గర నలభై రూపాయలకు వేరే అద్దం వేయించారట, నాయనమ్మకు తెలియకుండా. ముప్పై ఏళ్లుగా ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు.

బాపును అడిగితే "కుడి వైపు నుంచే ఫొటో తీయమన్న, అందుకే" అన్నాడు. ఫొటో తీసి చూశాను. నిజమే, మొహం పక్కకు తిప్పి ఉంది. అమ్మ అదంతా స్టైల్ అనుకుందట.

బెజవాడ అద్దాలషాపు

ఎడమ అద్దాన్ని అలాగే ఉండనివ్వు తమ్ముడూ. ముక్కు మెత్తలు మాత్రం మార్పించుకో, పచ్చబడినవి చర్మానికి మంచివి కావు. ఇటు వచ్చినప్పుడు పట్టుకురా, నేనే వేసిస్తాను. డబ్బులేం వద్దు, ఆ ఫొటో ఒకసారి చూపించు చాలు.